సున్నా చూపించాల్సిన చోట

మార్చి వచ్చిందంటే, బాంకాక్‌కి ఉత్తరాన ఎంతో దూరంలో ఉన్న లాంపాంగ్‌లో బట్టలు బయట ఆరేసుకోవడానికి ఉండదు. చుట్టూ కొండల మీద అడవి తగలబడుతూ ఉంటుంది, కోత అయిన మొక్కజొన్న చేలు తగలబడుతూ ఉంటాయి. ఆ పొగంతా ఊళ్ళోకి దిగి కూర్చుంటుంది. తెల్ల దుప్పటి ఆరేస్తే తీసేసరికి బూడిద రంగుకి తిరుగుతుంది. అందుకే సాయ్‌రుంగ్ ఆ నెలంతా మెకానిక్ షెడ్డు వెనక రేకుల పంచలోనే తాళ్ళు కట్టుకుంటుంది. ఆ పొద్దున ఆమె ఉతుకుతున్నవి షెడ్డు పనివాళ్ళ నీలం చొక్కాలు, పంట్లాలు. ఎంత జాడించినా బకెట్‌లో నీళ్ళు నల్లగానే వస్తున్నాయి. ఇది నూనె మరక కాదు. నూనె మరకకి జిగురుంటుంది, పట్టి రుద్దితే సబ్బుకి లొంగుతుంది. ఇది పొడి మసి. గోళ్ళ సందుల్లోకి, అరచేతి గీతల్లోకి, ముక్కులోకి దూరిపోతుంది. నిన్న మళ్ళీ ఒక బండికి ఫిల్టర్ కోశారన్నమాట.

కొత్త డీజిల్ పికప్‌లకి పొగగొట్టం మధ్యలో లావుపాటి ఉక్కు డబ్బా ఒకటి ఉంటుంది. దాని లోపల తేనెపట్టులా సన్నసన్నటి కన్నాలున్న రాయి. ఇంజన్ వదిలే మసిని బయటికి పోనీయకుండా అది పట్టి ఉంచుతుంది. ఎక్కువ నిండితే స్టీరింగ్ ముందు హెచ్చరిక దీపం వెలుగుతుంది, బండికి లాగే శక్తి పోతుంది. అలాంటి బండి వస్తే ఆమె భర్త సుమేత్ దగ్గర ఒకటే మందు. డబ్బా కోసి, గునపంతో లోపలి రాయి పగలగొట్టి, ఖాళీ డబ్బా మళ్ళీ అతికించేస్తాడు. బండిలోని కంప్యూటర్‌ని మభ్యపెట్టడానికి ఒక మనిషిని పిలిపిస్తాడు. "గొంతులో ముల్లు తీసేసినట్టు హాయిగా ఉంటుంది బండికి" అంటాడు నవ్వుతూ. పగిలిన రాయి ముక్కలు, వాటి నుంచి లేచిన నల్లటి దుమ్ము ఊడ్చేది సాయ్‌రుంగ్. ఒకసారి చీపురు పట్టుకుని అడిగింది, "బావా, ఇదంతా ఇప్పుడెటు పోతుంది?" అని. "గాలిలోకి. ఊరంతా పొగే కదా, ఇంకొంచెం కలిస్తే ఎవడికి తెలుస్తుంది?" అన్నాడు. ఆ రాత్రి కూతురు ఖిమ్‌కి ముక్కులోంచి రక్తం కారి దిండు తడిసింది. పొగ రోజుల్లో చాలామంది పిల్లలకి అలాగే అవుతుంది. ఆమె దిండు గలీబు కూడా చొక్కాలతో పాటే నానబెట్టింది.

సుమేత్ చెడ్డవాడు కాదు. ఊళ్ళో అందరూ అదే చెబుతారు, ఆమె కూడా కాదనదు. తాగి వచ్చి కొట్టడు, ఎవరి బండి ఆగిపోయినా అర్ధరాత్రయినా వెళ్తాడు. షెడ్డుకి వచ్చినవాళ్ళని కాఫీ తాగకుండా పంపడు. ఆ కాఫీ కలిపేది ఎవరన్నది అతని బుర్రకి తట్టే విషయం కాదు. ఒకసారి బీమా కంపెనీ అమ్మాయి వచ్చి ఇంట్లో ఎవరెవరు ఏం చేస్తారని అడిగితే, "మా ఆవిడ ఏం చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది" అని చెప్పాడు. సాయ్‌రుంగ్ అప్పుడు పనివాళ్ళందరికీ అన్నం వండి, షెడ్డు ఊడ్చి, ఫోన్‌లో ఒకరికి బండి ఎప్పుడవుతుందో చెప్పి, విడిభాగాల కొట్టుకి స్కూటర్ మీద వెళ్ళి బెల్టు తెచ్చి, ఆ బెల్టు అతని చేతికిస్తూ అక్కడే నిలబడి ఉంది. అత్తగారు గుళ్ళో కలిసిన ఆడవాళ్ళతో మెచ్చుకోలుగా చెప్పేది: "మా కోడలు వచ్చాక షెడ్డులో ఊడ్చే మనిషిని, వంటమనిషిని మానిపించేశాం. అంత కలిసొచ్చిన పిల్ల." వాళ్ళు కూడా సాయ్‌రుంగ్ వైపు తిరిగి అదృష్టవంతురాలిని చూసినట్టు చూసేవారు. ఆమె కూడా నవ్వేది. మెచ్చుకున్నప్పుడు నవ్వకపోతే పొగరంటారు కదా. నవ్వుతూ నవ్వుతూ తనకి ఆ మాటల్లో ఏం గుచ్చుకుంటోందో తానే మరిచిపోయింది చాలాకాలం.

ఇలా ఉండగా షెడ్డులోకి స్కానర్ వచ్చింది. పలక అంత ఉంటుంది, దాని తోక స్టీరింగ్ కింద గుచ్చితే బండి లోపల జరిగేదంతా తెర మీద కనిపిస్తుంది. అమ్మిన మనిషి బాంకాక్ నుంచి వచ్చి, ఒక పూటంతా కూర్చుని వివరించాడు. సుమేత్ కాసేపు విన్నాడు, తర్వాత ఫోన్ వచ్చి లేచిపోయాడు. పనివాళ్ళు తెర మీద రంగులు చూసి ముచ్చటపడి ఎవరి పనికి వాళ్ళు పోయారు. ఆ మనిషి చెబుతూనే ఉన్నాడు, ఎదురుగా కాఫీ పళ్ళెం పట్టుకున్న సాయ్‌రుంగ్ తప్ప వినేవాళ్ళు లేరు. పళ్ళెం పట్టుకున్న మనిషికి చెబుతున్నానని అతనూ అనుకోలేదు. పొగ వేడి కొలవడానికి ఫిల్టర్ ముందొక సెన్సరు, వెనకొక సెన్సరు ఉంటాయట. ఫిల్టర్‌కి అటూ ఇటూ రెండు సన్నటి గొట్టాలు బయల్దేరి ఒక చిన్న పెట్టెలో కలుస్తాయట. ముందు ఒత్తిడెంత, వెనక ఒత్తిడెంత, తేడా ఎంత అని ఆ పెట్టె లెక్క చెబుతుంది. తేడా పెరిగిందంటే లోపల మసి నిండిందన్నమాట. అప్పుడు కంప్యూటర్ ఎవరికీ చెప్పకుండా కొంచెం ఎక్కువ డీజిల్ పోసి, పొగగొట్టాన్ని కొలిమిలా వేడెక్కించి, ఆ మసిని లోపలే కాల్చేస్తుంది. "నడిపేవాడికి తెలియను కూడా తెలియదు. బండి తనని తానే కడుక్కుంటుందన్నమాట" అని నవ్వి, కాఫీ తాగేసి వెళ్ళిపోయాడు.

బండి తనని తానే కడుక్కుంటుందన్న మాట ఆమెని వదల్లేదు. ఉతకడం, తోమడం, ఊడ్చడం తప్ప వేరే లోకం లేని మనిషికి ఆ మాట ఎలా వినిపిస్తుందో అతనికేం తెలుసు!

ఒకరోజు తెల్లారగట్ల షెడ్డు తలుపులు తీసి, ఊడ్చడం మొదలుపెట్టబోతూ చీపురు గోడకి ఆనించింది. స్కానర్ తీసుకెళ్ళి షెడ్డు సొంత పికప్‌కి గుచ్చింది. తాళం తిప్పింది కానీ ఇంజన్ స్టార్ట్ చెయ్యలేదు. తెర మీద అంకెలు వరుసగా వచ్చాయి. రేడియేటర్ నీళ్ళ వేడి, బయటి గాలి వేడి, ఫిల్టర్ ముందు వేడి, వెనక వేడి. అన్నీ ఒకటే. రాత్రంతా చల్లబడి పడుకున్న బండిలో, ఒకదానికొకటి ఎంతో దూరంగా ఉన్న అన్ని సెన్సర్లూ ఒకే మాట చెబుతున్నాయి. ఆమె ఒళ్ళు జలదరించింది. గుళ్ళో భిక్షువులందరూ ఒకే గొంతుతో మంత్రం మొదలుపెట్టినప్పుడు కలిగే జలదరింపు అది. ఇంజన్ స్టార్ట్ చేసింది. అంకెలు విడిపోయాయి. ముందున్నది పరుగెత్తింది, వెనకున్నది మెల్లగా అందుకోసాగింది, ఒత్తిడి గీత ఆమె కాలు నొక్కినప్పుడల్లా లేచి, వదిలినప్పుడల్లా పడుకుంది. ఊపిరి! ఇన్నేళ్ళూ తాను వాకిలి ఊడ్చి, గుడ్డ పెట్టి తుడిచి, పక్క నుంచి నడిచిపోయిన ఈ ఇనప ముద్దలకి ఊపిరుంది. అది ఆమె కాలి కింద ఆడుతోంది. జిగురన్నం పొయ్యి మీద పెట్టాలన్న సంగతే మరిచిపోయి అలాగే కూర్చుండిపోయింది. ఆ తర్వాత ఊడ్చడానికి ముందు కాసేపు ఏదో ఒక బండితో కూర్చోవడం ఆమెకి అలవాటైంది. ఆ కాసేపూ ఆమె ఎవరికీ కోడలు కాదు, ఎవరికీ భార్య కాదు, వంట గుర్తుండని మనిషి.

చన్‌తిప్ బండి వచ్చింది ఆ రోజుల్లోనే.

చన్‌తిప్ చే హోమ్ అనే కొండ ప్రాంతంలో ఉండే ఆవిడ. యాభై దాటిన మనిషి, పొట్టిగా గట్టిగా ఉంటుంది, ఎప్పుడూ మగవాళ్ళ టోపీ. కిడ్నీలు పాడై రక్తం శుద్ధి చేయించుకోవలసిన పేషెంట్లని కొండ ఊళ్ళ నుంచి పెద్దాసుపత్రికి తన పికప్‌లో తీసుకొస్తుంది, తీసుకెళ్తుంది. వెనక టాపు వేయించి, బెంచీలు పెట్టించి, పరుపులు కుట్టించింది. ఆ బండి వారం నుంచి ఏడిపిస్తోంది. దీపం వెలగడం, శక్తి పోవడం. వేరే రెండు ఊళ్ళలో మసి కాల్పించింది, మళ్ళీ అదే.

"నిన్నయితే సగం కొండలో ఆగిపోయింది తమ్ముడూ" అంది సుమేత్‌తో. "నడవనంటే నడవనంది. వెనక ముసలాయన వాంతులు చేసుకుంటున్నాడు, ఆయన భార్య నా వీపు మీద కొడుతోంది, పోనీ పోనీ అని. నేనేం చేసేది? దిగి తొయ్యనా? ఆస్పత్రికి చేరేసరికి వాళ్ళ వంతు పోయింది. సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. ఆయన మొహం ఇంత ఉబ్బింది."

సుమేత్ బండి కిందికి తొంగిచూసి చెయ్యి దులుపుకున్నాడు. "ఫిల్టర్ పనైపోయిందక్కా. కోసి ఖాళీ చేసేస్తా. రేపు మధ్యాహ్నానికి లేడిపిల్లలా ఎక్కుతుంది."

"మసి పొగంతా వెనక్కొస్తుందేమో తమ్ముడూ? వెనక కూర్చునేది జబ్బు మనుషులు."

"గాలికి పోతుందిలే. ఇన్ని బండ్లకి చేశా, ఒక్కడూ తిరిగొచ్చి అడగలేదు."

 చన్‌తిప్ కళ్ళు సుమేత్ మీంచి జరిగి, కాఫీ తెచ్చిన సాయ్‌రుంగ్ మీద ఒక్క క్షణం ఆగాయి. ఆడవాళ్ళు ఆడవాళ్ళని అలా చూస్తారు, మగవాళ్ళు చెప్పిన మాట నిజమేనా అని అడగడానికి. సాయ్‌రుంగ్ తల దించుకుని కప్పు అందించింది. అందించాక తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున్నే ఊడ్చడం పక్కనపెట్టి తిన్నగా ఆ బండి దగ్గరికే వెళ్ళింది. స్కానర్ గుచ్చి, తాళం తిప్పింది. వేడి సెన్సర్లన్నీ ఒకే మాట చెప్పాయి. వాటిలో తప్పేం లేదు. ఒత్తిడి దగ్గరికొచ్చేసరికి ఆమె చూపు ఆగిపోయింది. అంకె పెద్దది. పీక దాకా నిండిపోయిన ఫిల్టర్ చూపించేంత పెద్దది.

కానీ ఇంజన్ ఆగి ఉంది.

ఆమె తెర వంక, బండి వంక మార్చి మార్చి చూసింది. ఇంజన్ ఆగి ఉంటే పొగ లేదు. పొగ లేకపోతే ఫిల్టర్ నిండినా, ఖాళీగా ఉన్నా, ముందూ వెనకా ఒకటే గాలి. తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది? సున్నా చూపించాలి. ఎవరూ ఊదని బూర మోగుతోందంటే, మోత బూరలోది కాదు. అనుమానం తీరక షెడ్డు పికప్‌కి గుచ్చి చూసింది. సున్నా. మళ్ళీ చన్‌తిప్ బండికి వచ్చింది. పెద్ద అంకె. ఆమె గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, లోపల గదిలో దగ్గుతున్న అత్తగారికి వినిపిస్తుందేమోనని భయపడింది. బానెట్ ఎత్తి, ఆ రెండు సన్నటి గొట్టాల్ని వెతికి, పెట్టె నుంచి ఊడదీసింది. ఇప్పుడా పెట్టెకి బండి పొగతో సంబంధమే లేదు, మామూలు గాలి తప్ప. అయినా అంకె కదల్లేదు. ఇంజన్‌కి ఏమీ కాలేదు. ఫిల్టర్‌కి ఏమైనా అయిందో లేదో ఇంకా తెలియదు, కానీ దాని మీద వేసిన నేరం మాత్రం అబద్ధం. ఈ చిన్న పెట్టె రోజూ కంప్యూటర్‌కి తప్పు కబురు మోస్తోంది. కంప్యూటర్ నమ్మి బండి కాళ్ళు కట్టేస్తోంది. మనుషులు కంప్యూటర్‌ని నమ్మి రంపం తెస్తున్నారు.

పెట్టెకి వచ్చే వైర్ల ప్లగ్గు ఊడదీసి వెలుతురుకి పట్టి చూసింది. లోపల ఒక పిన్ను చుట్టూ పచ్చటి చిలుం. వెనక టాపు బిగించినప్పుడు ఎవరో ప్లగ్గుని సరిగ్గా నొక్కలేదేమో, వానాకాలం నీళ్ళు దిగినట్టున్నాయి. పాత పళ్ళ బ్రష్షు తెచ్చింది, కరెంటు ప్లగ్గులు కడిగే స్ప్రే కొట్టింది, రుద్దింది, ఆరబెట్టింది, టక్కుమనేదాకా నొక్కింది, ఊడదీసిన రెండు గొట్టాలూ మళ్ళీ తగిలించింది. ఇన్నేళ్ళూ గిన్నెలు తోమిన చేతులే. తాళం తిప్పింది.

సున్నా.

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో ఆమెకే తెలియలేదు. ఆ గుండ్రటి అంకె తెర మీద నిశ్చలంగా, కడిగిన పళ్ళెంలా మెరుస్తోంది. ఇంత పెద్ద బండి, ఇన్ని వైర్లు, ఇంత చదువుకున్నవాళ్ళు ఎక్కడో దూర దేశంలో కూర్చుని అల్లిన ఇంత తెలివి, దాని మీద ప్రాణం పెట్టుకున్న కొండ మనుషులు, అందరి మధ్యా ఒక గోరంత చిలుం. దాన్ని కనిపెట్టింది తను. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, ఎవరినీ అడగకుండా, ఒక్కతే ఆలోచించి. తన బుర్రలో ఇలాంటి చోటొకటి ఉందని ఆమెకి తెలియదు. సొంత ఇంట్లో ఎన్నడూ తలుపు తీయని గదిలోకి వెళ్ళినట్టు నిలబడిపోయింది.

సుమేత్ లేచి వచ్చాక చెప్పింది. వరుసగా, తడబడకుండా చెప్పాలనుకుంది కానీ అతను పళ్ళు తోముకుంటూ వింటుంటే మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అతను ఉమ్మేసి నవ్వాడు. "ప్లగ్గు కడిగావా? మంచిపని. ఇంజన్ పైన కూడా కాస్త తుడువు, దుమ్ముంది" అన్నాడు. ఆమె అక్కడే నిలబడి ఉంటే, "ఏయ్, రెండు ఊళ్ళ మెకానిక్‌లు చూసిన బండి అది. వాళ్ళంతా వెర్రివాళ్ళా? పోయి గంజి పెట్టు, పనివాళ్ళు వచ్చేస్తారు" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. కోప్పడితే బాగుండేది. చిన్నపిల్ల తన బొమ్మకి జ్వరమొచ్చిందని చెబితే విన్నట్టు విన్నాడు.

ఆమె వెళ్ళి గంజి పెట్టింది. ఆ రోజు ఉప్పు రెండుసార్లు పడింది.

చన్‌తిప్ వచ్చేసరికి సుమేత్ బండి కింద గోతిలో ఉన్నాడు. కోసే మెషిన్ చేతిలో ఉంది, కళ్ళద్దాలు పెట్టుకుంటున్నాడు. సాయ్‌రుంగ్ వంటగది గుమ్మంలోంచి చూసింది. చేతిలో గరిటె. ఇంకో నిమిషంలో నిప్పురవ్వలు లేస్తాయి, ఆ తర్వాత తాను చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. బండి ఎక్కుతుంది కొండ. చన్‌తిప్ మెచ్చుకుంటుంది. వెనక కూర్చున్న ముసలాయన మసి పీలుస్తాడు, ఎవరికీ తెలియదు. తనకి తెలుసు. తెలియడం ఇంత బరువుగా ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

గరిటె పెట్టేసి షెడ్డులోకి నడిచింది.

"అక్కా, ఫిల్టర్ కొయ్యనివ్వకండి" అంది. గొంతు తనది కానంత పెద్దగా వచ్చింది. "దాంట్లో దోషం లేదు. దోషం ఒత్తిడి చూసే సెన్సరు ప్లగ్గులో. నేను చూశాను."

అప్పుడే మొదలైన మెషిన్ మోత ఆగిపోయింది. పనివాళ్ళు పానాలు పట్టుకుని నిలబడిపోయారు. గోతిలోంచి సుమేత్ తల పైకొచ్చింది, కళ్ళద్దాలు నుదుటి మీదికి పోయాయి.

"మా ఆవిడ డాక్టరైంది అక్కా, ఈ మధ్యే" అన్నాడు నవ్వుతూ. పనివాళ్ళూ నవ్వారు. అతని చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

చన్‌తిప్ నవ్వలేదు. "ఎట్లా తెలుసమ్మా నీకు?"

"ఇంజన్ ఆగి ఉన్నా నిండిపోయాననే చెప్పింది. ఆగి ఉంటే పొగే లేదు కదక్కా, ఎట్లా నిండుతుంది? ప్లగ్గు కడిగితే సున్నాకొచ్చింది."

"నిజమో కాదో తేలేదెట్లా?"

"కొండెక్కిస్తే తేలుతుంది. అక్కడిదాకా ఆపకుండా నడిపితే, లోపల ఉన్న కాస్త మసీ కంప్యూటరే కాల్చేస్తుంది. తెర మీద నేను చూస్తాను."

"వంట సగంలో ఉంది" అన్నాడు సుమేత్. నవ్వు పోయింది. "రుంగ్, అందరి ముందూ ఏంటిది?"

చన్‌తిప్ టోపీ సర్దుకుంది. "నా బండి తమ్ముడూ అది. కొయ్యడానికి సాయంత్రం కూడా ఉంటుంది. ఎక్కమ్మాయ్."

ఏప్రన్ విప్పడం కూడా గుర్తులేదు సాయ్‌రుంగ్‌కి. స్కానర్ ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. బండి షెడ్డు గేటు దాటుతుంటే అద్దంలో సుమేత్ గోతిలో నడుము దాకా కనిపించాడు, ఎవరో నాటిన కర్రలా.

ఊరు దాటినా పొగ దాటలేదు. దారికి రెండు పక్కలా చేలు మాసిన తెరలా వెనక్కి పోతున్నాయి. సూర్యుడు ఎర్రటి బొట్టులా ఉన్నాడు. కళ్ళు మండుతున్నాయి. చన్‌తిప్ గేరు మార్చినప్పుడల్లా ఒత్తిడి గీత కొంచెం లేచి, బుద్ధిగా దిగుతోంది. ఎక్కడా పిచ్చిగా ఎగరడం లేదు. "ఏమంటోంది?" అని చన్‌తిప్ అడిగింది. "బాగానే ఊపిరి తీస్తోందక్కా" అంది.

"మీ ఆయన నీకు నేర్పాడా ఇవన్నీ?"

"లేదు."

"ఆఁ, నేర్పడు. నేను డ్రైవింగ్ నేర్చుకుంటానంటే మా ఆయన, ఎందుకు, నేనున్నాగా అన్నాడు. ఆయన పోయాక నేర్చుకున్నా. ఇప్పుడు మా మరిది అంటాడు, వదినా, రోగుల్ని మోయడం పుణ్యం కదా, మళ్ళీ కిరాయెందుకు అని. ఆయన బస్సు నడిపితే ఉద్యోగం, నేను నడిపితే పుణ్యం!" అని స్టీరింగ్ మీద చేత్తో ఒక్కటి వేసి పకపకా నవ్వింది. సాయ్‌రుంగ్‌కి కూడా నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది, పొగ వల్లనే అన్నట్టు.

కొండ మొదలైంది. చన్‌తిప్ భుజాలు బిగుసుకున్నాయి. మొన్న ఆగిపోయిన మలుపు దగ్గరికి వస్తోందట. "ఇక్కడే, ఇక్కడే" అంటోంది. బండి ఒక్క గుక్కలో ఆ మలుపు ఎక్కేసింది. చన్‌తిప్ ఏదో అరిచింది. సాయ్‌రుంగ్‌కి వినపడలేదు, ఆమె చూపు తెర మీదే ఉంది. ఫిల్టర్ ముందు వేడి పెరుగుతోంది. మామూలుగా పెరగడం కాదు, ఎవరో లోపల దివిటీ అంటించినట్టు. మూడు వందల డిగ్రీలు దాటింది. నాలుగు. ఐదు వందలు. బండి లోపల ఏ తేడా లేదు. సీటు అదే, గాలి అదే, ఇంజన్ మోత మాత్రం ఒక్క పిసరు బరువెక్కింది. వాళ్ళు కూర్చున్న చోటికి కింద, ఉక్కు డబ్బాలో, ఎరుపెక్కేంత వేడి రగులుకుంది. కంప్యూటర్ ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. కాల్చాల్సిన సమయం వచ్చిందని దానికి తెలిసింది, కాల్చడం మొదలుపెట్టింది. ఆరు వందలు. వెనక సెన్సరు కూడా అందుకుంది. ఒత్తిడి గీత, మొండి పిల్ల అలక తీరినట్టు, కొంచెం కొంచెంగా కిందికి దిగుతోంది.  కంటికి కనిపించనిదాన్ని నమ్మడం ఆమెకి దేవుడి దగ్గరే అలవాటు. కానీ ఇప్పుడు తన ఒళ్ళో, గాజు పలక మీద, కంటికి కనిపించని చోట ఒక శుద్ధి జరుగుతుంటే, దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదవగలుగుతోంది. చేతులు జోడించాలనిపించింది. ఎవరికో మాత్రం తెలియలేదు.

ఫోన్ మోగింది. సుమేత్.

"అన్నం కుండ ఏ గట్టు మీద పెట్టావ్? పనివాళ్ళు కూర్చున్నారు."

"పొయ్యి మీదే ఉంది. కింద మంట వెయ్యండి, ఉడుకుతుంది."

"ఎప్పుడొస్తావ్?"

"ఇప్పుడు ఆపకూడదు బావా. మధ్యలో ఆపితే పాడవుతుంది" అంది. బండి గురించే అంది. పెట్టేశాక చాలాసేపు ఆ మాట ఆమె చెవిలో తిరుగుతూనే ఉంది.

ఇంకో మలుపు తిరిగారు. ఉన్నట్టుండి కళ్ళు జిగేలుమన్నాయి. బండి పొగలోంచి బయటికి వచ్చేసింది. ఆకాశం! నీలం రంగు ఇంత నీలంగా ఉంటుందని సాయ్‌రుంగ్ మరిచిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే ఊరు లేదు, చేలు లేవు. లోయ నిండా బూడిద రంగు పొగ, పాల మీగడలా కదలకుండా పరుచుకుని ఉంది. దాని అడుగున ఎక్కడో తన షెడ్డు, బట్టల తాళ్ళు, ఖిమ్ బడి. ఇన్నాళ్ళూ ఆ అడుగునే బతుకుతూ, అదే గాలి అనుకుంది.  తెర మీద వేడి మెల్లగా దిగింది, ఒత్తిడి అడుగుకి చేరింది. చన్‌తిప్ బండి పక్కకి తీసి ఆపింది.

సాయ్‌రుంగ్ దిగి, వెనక్కి వెళ్ళి, ఏప్రన్ కొంగుని వేలికి చుట్టి పొగగొట్టం అంచు లోపల తుడిచింది. కాస్త వేడిగా ఉంది. గుడ్డ తెల్లగానే ఉంది.

"చూడండక్కా" అంది. చన్‌తిప్ గుడ్డని, ఆమెని చూసింది. "ఈ చేతులతోనేనా అమ్మాయ్ ఆ ప్లగ్గు కడిగింది" అని ఆ రెండు చేతుల్నీ తన చేతుల్లోకి తీసుకుంది.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి షెడ్డంతా మాడిన అన్నం వాసన. పనివాళ్ళు నూడుల్స్ తెప్పించుకున్నారు. చన్‌తిప్ దిగీదిగగానే, "తమ్ముడూ, లేడిపిల్లలా ఎక్కింది!" అంది. సుమేత్ గొంతు సవరించుకున్నాడు. "నాకూ అనుమానంగానే ఉందక్కా, సెన్సరేమోనని" అన్నాడు. చన్‌తిప్ నోరు తెరవబోయింది. సాయ్‌రుంగ్ వద్దన్నట్టు తల ఊపింది. అతన్ని ఓడించాలన్న కోరికేదీ ఆమెలో మిగల్లేదు. ఆ నీలం రంగు చూసి వచ్చిన కళ్ళకి అదంతా చాలా చిన్నగా కనిపించింది.

మధ్యాహ్నం, తెర మీద పొద్దుటి గీత ఇంకా ఉండగానే, స్కానర్ తుడిచి బల్ల మీద పెడుతుంటే అత్తగారు వచ్చి పక్కన నిలబడింది. షెడ్డులోకి ఆవిడ అలా రావడం ఎప్పుడూ లేదు. గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

"ఆ గీతేంటి?" అని అడిగింది.

"బండి ఊపిరి అత్తయ్యా. ఇది వేడి. ఇదిగో ఇక్కడ మసి కాలింది."

అత్తగారు వేలు ముందుకు చాపి, తాకకుండా ఆపింది. "మీ మామగారు నన్ను బానెట్ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఒకసారి తెలియక పానా దాటాను. దాన్ని కడిగించాడు, మూడుసార్లు. ఆడదాని నీడ పడితే ఇంజన్ చెడుతుందట." వేలు వెనక్కి తీసుకుంది. "వంటగదిలో కూర్చునే ఏ బండి వచ్చిందో మోత విని చెప్పగలిగేదాన్ని నేను. ఎవరికి చెప్పను?"

సాయ్‌రుంగ్ ఆవిడ వేలు పట్టుకుని తెర మీద ఆనించింది. గీత పెద్దదైంది. ముసలావిడ ఉలిక్కిపడి, చిన్నపిల్లలా నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు పొద్దున ఇంకో పికప్ వచ్చింది. అదే దీపం, అదే జబ్బు. బండి తెచ్చినతను ఫిల్టర్ కోసెయ్యమన్నాడు. సుమేత్ కోసే మెషిన్ తీశాడు. సాయ్‌రుంగ్ చేతిలో చీపురు ఉంది. దాన్ని గోడకి ఆనించలేదు. తీసుకెళ్ళి సుమేత్ చేతికిచ్చింది. మెషిన్ అతని చేతిలోంచి తీసి బల్ల మీద పెట్టింది.

"ఇకనుంచి ఈ షెడ్డులో ఏ ఫిల్టరూ నేను చూడకుండా కొయ్యరు బావా" అంది. గొంతు పెంచలేదు.

"మరి వంట? ఊడవడం?" అన్నాడతను, చీపురు వంక చూస్తూ. వెటకారం కాదు. నిజంగానే తెలియక అడిగాడు. ఇన్నేళ్ళుగా ఆ ప్రశ్నకి భయపడింది ఆమె. ఇప్పుడు వింటే అది మామూలు ప్రశ్నలాగే ఉంది. మనుషులు కూర్చుని, ఆలోచించి, జవాబు వెతుక్కోగలిగిన ప్రశ్న.

"అది సాయంత్రం కూర్చుని మాట్లాడుకుందాం. అందరం" అంది. "ఇప్పుడు నువ్వు లోపల కూర్చుని తాళం తిప్పు. నేను చెప్పేదాకా స్టార్ట్ చెయ్యకు."

సుమేత్ ఒకసారి పనివాళ్ళ వంక, ఒకసారి గుమ్మంలో నిలబడ్డ తల్లి వంక చూశాడు. చీపురు గోడకి చేరేశాడు. బండెక్కి, తాళం తిప్పి, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని, ఆమె మాట కోసం ఎదురు చూశాడు.